నిలబడే చోటు: కొత్త ఫోటోగ్రాఫర్‌కు కొందరు గురువులు

ఫోటోగ్రఫీ మీద కొత్తగా మనసు పడినవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ఏ కెమెరా కొనాలన్నది. ఏ లెన్స్ కొనాలన్నది రెండవది. ఎవరి చిత్రాలు చూడాలన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వస్తుంది. కొందరికి ఎన్నటికీ రాదు. సంగీతం నేర్చుకునే పిల్లకు ఎవరి కచేరీలు వినాలో ఇంట్లో పెద్దలు చెబుతారు. పద్యం రాయబోయేవాడు పోతననూ తిక్కననూ చదవకుండా మొదలుపెట్టడు. ఫోటోగ్రఫీ విషయంలో మాత్రం ఇటువంటి గురుపరంపర ఒకటి ఉందన్న స్పృహ మనలో అంతగా కనిపించదు. కెమెరా ఒక యంత్రం, మీట నొక్కితే బొమ్మ వస్తుంది, ఇందులో చదవవలసినదేముందన్న భావన బహుశా ఇందుకు కారణం కావచ్చు.

ఒక ఫోటోగ్రాఫర్ శైలి అంటే ఏమిటన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. రంగుల తీరు, వెలుగునీడల గాఢత, నేపథ్యం మసకబారడం వంటివి శైలి తాలూకు పైపై గుర్తులు. ఈ రోజుల్లో వాటిని ఫోన్‌లోని ఒక ఫిల్టర్ క్షణంలో అనుకరించగలదు. ఫిల్టర్‌కు అందనివి మూడున్నాయి: ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు మీట నొక్కాలి, ఎదుట ఉన్న మనిషికి తాను ఏమవుతాడు. ఈ మూడు ప్రశ్నలకు ఒక వ్యక్తి పదేపదే ఇచ్చుకున్న జవాబులే కాలక్రమంలో అతని శైలిగా స్థిరపడతాయి. గొప్పవారి చిత్రాలు చూడటం వల్ల ప్రయోజనం ఈ జవాబులను తెలుసుకోవడంలో ఉంది.

సన్నీవేల్‌లో ఉంటున్న తెలుగువారికి ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. ఫోటోగ్రఫీ చరిత్రలో పెద్ద మలుపులు కొన్ని ఈ ఊరికి దగ్గరలోనే జరిగాయి. కారులో పావుగంట దూరంలో స్టాన్‌ఫర్డ్, పక్క ఊరు మౌంటెన్ వ్యూ, నాలుగు గంటల ప్రయాణంలో యోసెమిటీ, అఖాతానికి ఆవలి ఒడ్డున బర్క్లీ ఉన్నాయి. ఈ చోట్లతో ముడిపడిన నలుగురు ఫోటోగ్రాఫర్లనూ, మన హైదరాబాదుతో ముడిపడిన మరొకరినీ, వారు పై మూడు ప్రశ్నలకు ఇచ్చుకున్న జవాబులనూ ఇక్కడ చూద్దాం.

క్షణాన్ని విడదీసినవాడు

ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఉన్న నేల ఒకప్పుడు లీలండ్ స్టాన్‌ఫర్డ్ అనే రైల్వే సంపన్నుడి గుర్రాల క్షేత్రం. పరుగెత్తే గుర్రం నాలుగు గిట్టలూ ఏదో ఒక క్షణంలో ఒకేసారి నేలను వీడతాయా అన్నది ఆయనకు పట్టుకున్న సందేహం. కంటికి అందని ఈ విషయాన్ని కెమెరాతో తేల్చమని ఆయన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్‌ను నియమించారు. ఈ పని వెనుక ఒక పెద్ద పందెం ఉందని ప్రచారంలో ఉన్న కథకు గట్టి ఆధారాలు లేవు.

1878 జూన్‌లో మైబ్రిడ్జ్ పరుగుబాట పక్కన 12 కెమెరాలను వరుసగా నిలిపారు. బాటకు అడ్డంగా దారాలు కట్టి, గుర్రం వాటిని తెంపుకుంటూ పోతుంటే ఒకదాని తరువాత ఒకటిగా షట్టర్లు పనిచేసే ఏర్పాటు చేశారు. గుర్రం స్పష్టంగా కనిపించడానికి ఎదురుగా తెల్లని తెర నిలిపి, దానిపై నిలువు గీతలు గీయించారు. గిట్టలు నాలుగూ గాలిలో ఉండే క్షణం నిజంగానే ఉందని చిత్రాలు చూపాయి. అయితే అది చిత్రకారులు శతాబ్దాలుగా గీస్తూ వచ్చినట్టు కాళ్ళు ముందుకీ వెనక్కీ చాచిన క్షణం కాదు. నాలుగూ పొట్ట కిందకు ముడుచుకున్న క్షణం. చూసే కన్నుకు అలవాటైన భంగిమ ఒకటి, శరీరం నిజంగా దాటిపోయే స్థితి మరొకటి అని ఆ వరుస చిత్రాలు నిరూపించాయి.

మైబ్రిడ్జ్ నుంచి కొత్తవారు నేర్వదగినది షట్టర్ వేగం కన్నా పెద్ద విషయం. ఆయన ముందుగా ఒక ప్రశ్న వేసుకుని, ఆ ప్రశ్నకు తగ్గట్టు కెమెరాను నిలిపారు. ఈ లోయలో కూచిపూడి నేర్పే బడులు చాలా ఉన్నాయి. నాట్యం ఫోటో తీసేవారిలో ఎక్కువమంది భంగిమ పూర్తయి, ముఖం ప్రేక్షకుల వైపు తిరిగిన క్షణం కోసం వేచి ఉంటారు. అది అందరికీ తెలిసిన క్షణం. ఒక అడవు నుంచి మరొక అడవుకు శరీరం మారుతున్నప్పుడు పాదం ఎక్కడుంది, బరువు ఏ మడమ మీద ఉంది అన్న ప్రశ్నతో వరుసగా పది చిత్రాలు తీస్తే, ఆ నాట్యం గురించి తీసినవారికే తెలియని సంగతులు బయటపడతాయి. ఒకే చోట నిలబడి, ఒకే కదలికను, ఒకే దూరం నుంచి చూడటం అనే క్రమశిక్షణ మైబ్రిడ్జ్ ఇచ్చే మొదటి పాఠం.

ఆయన కథలో ఈ లోయ ఇంజనీర్లకు సుపరిచితంగా తోచే మలుపు కూడా ఒకటుంది. 1882లో స్టాన్‌ఫర్డ్ ప్రోత్సాహంతో, ఒక వైద్యుడి పేరు మీద, ఈ ప్రయోగాల పుస్తకం వెలువడింది. అందులో మైబ్రిడ్జ్‌కు దక్కవలసిన గుర్తింపు దక్కలేదు. ఆయన కోర్టుకు వెళ్ళినా ఫలితం లేకపోయింది. యజమాని సొమ్ముతో, యజమాని ప్రశ్నకు జవాబుగా చేసిన పని ఎవరిది అన్న వివాదం ఈ లోయకు కొత్తది కాదన్నమాట. ఆ తరువాత మైబ్రిడ్జ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆదరణలో తన పని కొనసాగించి, 1887లో జంతువుల, మనుషుల కదలికలపై 781 ఫలకాల మహాసంకలనాన్ని ప్రచురించారు.

వెలుగును కొలిచినవాడు

యోసెమిటీకి వెళ్ళిన ప్రతి తెలుగు కుటుంబం దగ్గరా హాఫ్ డోమ్ కొండ ఫోటో ఉంటుంది. ఆ కొండను మనం అలా చూడటం వెనుక దాదాపు నూట అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. 1861లో కార్లటన్ వాట్కిన్స్ కంచరగాడిదల మీద పెద్ద కెమెరానూ, గాజు పలకలనూ, రసాయనాలనూ మోయించుకుని ఆ లోయలోకి వెళ్ళారు. ఆ కాలపు పద్ధతిలో తడి ఆరకముందే పలకను కెమెరాలో పెట్టి, చిత్రం తీసి, వెంటనే అక్కడి గుడారంలోనే కడగాలి. ఆయన చిత్రాలు తూర్పు తీరానికి చేరి ఎందరినో ఆశ్చర్యపరిచాయి. 1864లో యోసెమిటీని ప్రజల కోసం కాపాడే చట్టంపై లింకన్ సంతకం చేయడానికి దోహదం చేసినవాటిలో ఆ చిత్రాలనూ చరిత్రకారులు పేర్కొంటారు. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వెంట వచ్చిన అగ్నిప్రమాదంలో వాట్కిన్స్ స్టూడియో కాలిపోయి, ఆయన జీవితకాలపు కృషిలో చాలా భాగం నాశనమయింది.

అదే భూకంపం నాటికి నాలుగేళ్ళ పిల్లవాడైన ఆన్సెల్ ఆడమ్స్, 1916లో తల్లిదండ్రులతో మొదటిసారి యోసెమిటీకి వెళ్ళారు. చేతిలో కొడాక్ బ్రౌనీ అనే చవక కెమెరా. పియానో విద్వాంసుడు కావాలని సాధన చేస్తున్న ఆ యువకుడు క్రమంగా కెమెరా వైపు మళ్ళారు. నెగటివ్ స్వరలిపి వంటిదనీ, ప్రింట్ దాని గానం వంటిదనీ ఆయన చెప్పిన పోలిక సంగీత సాధన నుంచి వచ్చినదే.

1927 ఏప్రిల్ 10న ఆయన హాఫ్ డోమ్ ఎదుట ఉన్న ఎత్తైన చోటుకు ఎక్కేసరికి దగ్గర కొన్ని గాజు పలకలే మిగిలాయి. పసుపు ఫిల్టర్‌తో ఒక చిత్రం తీశాక, ఆకాశం తన మనసులో ఉన్నంత గంభీరంగా రాదని ఆయనకు తట్టింది. చివరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టర్ వాడారు. ఎరుపు ఫిల్టర్ ఆకాశపు నీలి కాంతిని అడ్డుకుంటుంది కనుక, నలుపు తెలుపు చిత్రంలో ఆకాశం దాదాపు నల్లగా వచ్చి, రాతి ముఖం వెలుగుతూ నిలిచింది. కంటికి కనిపించినది ఒకటి, చిత్రంలో కావాలనుకున్నది మరొకటి. ఆ రెండింటి మధ్య దారిని మీట నొక్కకముందే ఊహించడాన్ని ఆయన తన పద్ధతికి పునాదిగా చేసుకున్నారు.

ఈ ఊహను లెక్కలోకి దించడానికి ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి రూపొందించినది జోన్ పద్ధతి. చిక్కని నలుపు నుంచి స్వచ్ఛమైన తెలుపు వరకు ఉన్న వ్యాప్తిని సున్నా నుంచి పది వరకు 11 మెట్లుగా విభజిస్తారు. నడిమి బూడిద రంగు ఐదవ మెట్టు. కెమెరాలోని వెలుగు కొలమానానికి ఎదుట ఉన్నదేమిటో తెలియదు. దేన్ని చూపినా దాన్ని ఐదవ మెట్టుకు తేవడానికి చూస్తుంది. అందుకే మంచు బూడిదగానూ, నల్లని పట్టుచీర వెలిసినట్టుగానూ వస్తాయి. నల్లని జడలో మల్లెపూల దండను తీయాలనుకోండి. పూలు ఏడవ మెట్టులో ఉంటే రేకుల నునుపు కనిపిస్తుంది, పదవ మెట్టుకు పోతే తెల్లని మచ్చ మిగులుతుంది. జడ మూడవ మెట్టులో ఉంటే పాయలు తెలుస్తాయి, సున్నాకు దిగితే నల్లని ముద్ద అవుతుంది. ఏది ఎక్కడ ఉండాలన్నది తీసేవారి నిర్ణయం. ఈనాటి ఫోన్లు అనేక చిత్రాలను కలిపి ఈ నిర్ణయాన్ని మన తరఫున తీసుకుంటున్నాయి. ఆ పరిజ్ఞానం చాలావరకు ఈ లోయలోనే తయారవుతోంది. జోన్ పద్ధతిని ఒక్క నెల సాధన చేసినవారికి ఫోన్ ఎక్కడ తన మాట వినలేదో స్పష్టంగా తెలుస్తుంది.

న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ పల్లె మీద చంద్రోదయం ఆడమ్స్ చిత్రాలలో సుప్రసిద్ధం. సాయంకాలపు చివరి కిరణాలు శ్మశానంలోని తెల్లని శిలువలను వీడబోతుండగా ఆయన దారిలో కారు ఆపారు. వెలుగు కొలమానం వెంటనే చేతికి దొరకలేదు. చంద్రుని ప్రకాశం ఎంతో ముందే తెలుసు కనుక దాని ఆధారంగా మనసులోనే లెక్క కట్టి ఒక చిత్రం తీశారు. రెండవది తీసేలోగా శిలువల మీది వెలుగు పోయింది. సాధన ఎందుకన్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కానీ ఇదే చిత్రంలో మరొక పాఠం కూడా ఉంది. తేదీ రాసుకునే అలవాటు ఆడమ్స్‌కు అంతగా లేదు. ఈ చిత్రానికి ఆయన వేర్వేరు చోట్ల వేర్వేరు సంవత్సరాలు చెప్పారు. చివరకు చంద్రుని స్థానాన్ని బట్టి ఖగోళ గణితం చేసి అది 1941 నవంబరు 1 అని తేల్చవలసి వచ్చింది. చంద్రుడు లేని చిత్రాలకు ఆ అదృష్టం ఉండదు.

దగ్గరకు వెళ్ళినామె

ఆడమ్స్‌కు సమకాలికురాలూ, మిత్రురాలూ అయిన డొరొతియా లాంగ్ ఈ ప్రశ్నలకు పూర్తిగా భిన్నమైన జవాబులు ఇచ్చారు. ఆమె శాన్‌ఫ్రాన్సిస్కోలో సంపన్నులకు చిత్రాలు తీసే స్టూడియో నడిపేవారు. 1930ల ఆర్థిక మాంద్యంలో కిటికీ నుంచి చూస్తే వీధిలో పనిలేక తిరిగే జనం కనిపించారు. 1933లో ఆమె కెమెరాతో కిందకు దిగి, ఉచిత ఆహారం కోసం వరుసలో నిలబడినవారిని చిత్రించారు. స్టూడియో నుంచి వీధికి వేసిన ఆ అడుగే ఆమె శైలికి మొదలు. చిన్ననాడు పోలియో సోకడం వల్ల ఆమె నడక జీవితాంతం కుంటుగానే ఉండేది. అపరిచితులు తనను దగ్గరకు రానివ్వడానికి ఆ కుంటితనం తోడ్పడిందని ఆమె భావించారు.

1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ పంట మంచుకు పాడై పనిలేక చిక్కుకుపోయిన కూలీల శిబిరంలో ఆమె ఒక తల్లిని చూశారు. వరుసగా కొన్ని చిత్రాలు తీస్తూ అడుగడుగునా దగ్గరయ్యారు. మొదటి చిత్రాలలో గుడారం, సామాను, చుట్టూ నేల కనిపిస్తాయి. చివరిదానిలో అవేవీ లేవు; తల్లి ముఖం, గడ్డాన్ని తాకుతున్న చెయ్యి, ముఖాలు దాచుకుని ఇరుపక్కలా ఒదిగిన ఇద్దరు పిల్లలు, ఒడిలో పసిబిడ్డ మాత్రమే ఉన్నారు. ‘వలస తల్లి’గా ప్రపంచానికి తెలిసినది ఆ చివరి చిత్రం. పత్రికలో ఆ శిబిరం చిత్రాలు వచ్చిన వెంటనే ప్రభుత్వం అక్కడికి 20,000 పౌన్ల ఆహారం పంపింది. అప్పటికే ఆ కుటుంబం అక్కడి నుంచి వెళ్ళిపోయింది.

లాంగ్ ఆమె పేరు అడగలేదు. నాలుగు దశాబ్దాల తరువాత, 1978లో, ఆమె ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే చెరొకీ స్త్రీ అని లోకానికి తెలిసింది. ఆ చిత్రం వల్ల తనకు ఏమీ ఒరగలేదని ఆమె అప్పుడు బాధపడ్డారు. కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసిన వివరం నిజం కాదని కుటుంబం చెప్పింది. చిత్రం ప్రభుత్వ ఆస్తి కనుక లాంగ్‌కు కూడా దాని మీద హక్కు లేదు. అయినా ఒక మనిషి ముఖం ఆమెకు చెందని కథకు చిహ్నమై దేశమంతా తిరిగిందన్న మాట నిజం. ఎంతో కరుణతో తీసిన చిత్రంలోనూ ఈ లోటు మిగిలిపోగలదని ప్రతి కొత్త ఫోటోగ్రాఫరూ తెలుసుకోవాలి.

లాంగ్ పనిలో సన్నీవేల్‌వారికి మరింత దగ్గరగా వచ్చేది 1942 నాటి భాగం. పెర్ల్ హార్బర్ దాడి తరువాత పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపనీస్ సంతతివారిని ప్రభుత్వం ఇళ్ళ నుంచి తరలించి శిబిరాలలో బంధించింది. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులు. ఈ తరలింపును చిత్రించే ఉద్యోగం ప్రభుత్వమే లాంగ్‌కు ఇచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఆమె మౌంటెన్ వ్యూలో చామంతులు పండించే ఒక జపనీస్ కుటుంబాన్ని వారి ఇంటి దగ్గర చిత్రించారు. ఆ ఇంటి పెద్ద 1904లో కొద్దిపాటి డబ్బుతో ఈ దేశానికి వచ్చి, పూల వ్యాపారంలో స్థిరపడి, పిల్లలను విశ్వవిద్యాలయాలలో చదివించుకున్నారని చిత్రం కింది వ్యాఖ్య చెబుతుంది. చక్కని దుస్తులలో, నవ్వు ముఖాలతో ఉన్న ఆ కుటుంబం కొద్ది రోజులలో తమ ఇల్లు విడిచి వెళ్ళబోతోంది. వ్యాఖ్య లేకపోతే అది ఏ వలస కుటుంబమైనా ఆల్బమ్‌లో దాచుకునే మామూలు చిత్రం. ప్రభుత్వం కోరుకున్నది ఒకటి, లాంగ్ చూపినది మరొకటి కావడంతో సైన్యం ఆ చిత్రాలను యుద్ధకాలమంతా అట్టిపెట్టుకుంది. వాటిలో చాలా వాటిని ప్రజలు పుస్తకరూపంలో చూడగలిగినది 2006లోనే.

ఆడమ్స్ కూడా 1943లో ఇటువంటి శిబిరమే అయిన మాంజనార్‌కు వెళ్ళి చిత్రాలు తీసి, మరుసటి ఏడాది పుస్తకంగా ప్రచురించారు. ఆయన చిత్రాలలో బందీల ధీరత్వం, వెనుక ఉన్న సియెరా పర్వతాల ఘనత ప్రధానం. లాంగ్ చిత్రాలలో మెడకు వేలాడే సంఖ్యల చీటీలు, ముడివేసిన మూటలు, ఎదురుచూసే వరుసలు ప్రధానం. ఇద్దరూ ఆ అన్యాయాన్ని వ్యతిరేకించినవారే. ఒకరు ఓర్పును చూపే చోట, మరొకరు నష్టాన్ని చూపే చోట నిలబడ్డారు. శైలి అంటే ఏమిటో ఈ రెండు సంపుటాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసినంతగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

దర్బారు నుంచి, జనం నుంచి

ఇప్పుడు మన నేల వైపు చూద్దాం. రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీ కళాశాలలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేశారు. ఉద్యోగంలో ఉండగానే, ముప్ఫై ఏళ్ళ వయసులో కెమెరా పట్టారు. ఇంజనీరు ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్న సన్నీవేల్ ఔత్సాహికులకు ఇంతకన్నా సొంత మనిషి మరొకరు ఉండరు. తరువాత ఉద్యోగం వదిలి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా కుదిరి, సికిందరాబాదులో స్టూడియో నడిపారు. నిజాం ఆయనకు ముసవ్వర్ జంగ్ అన్న బిరుదునిచ్చారు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు.

దీన్‌దయాళ్ చిత్రాలలో ఇంజనీరు కన్ను స్పష్టంగా కనిపిస్తుంది. కట్టడాల నిలువు గీతలు వంగవు. విందుబల్లలు, మెట్ల వరుసలు, వేటలో పాల్గొన్న పరివారం అంతా కొలిచి పేర్చినట్టుంటాయి. ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరు ఎంత దూరంలో ఉండాలి అన్నది దర్బారు మర్యాదను బట్టి నిర్ణయమవుతుంది. చిత్రంలో పేర్చిన తీరే ఆ సమాజపు నిర్మాణ పటం. ఔరంగాబాద్ ప్రాంతంలో కరువు నాటి సహాయ కార్యక్రమాలను కూడా ఆయన సంస్థ చిత్రించింది. అక్కడా అదే క్రమం. పనులు జరుగుతున్నాయని ప్రభుత్వానికి చూపవలసిన చిత్రాలవి. ఆకలిగొన్నవారు వరుసలలో, పనుల మధ్య, దూరంగా కనిపిస్తారు.

దీనికి ఎదురుగా నిలిచేది సునీల్ జానా పని. 1943 బెంగాల్ కరువు నాటికి ఆయన కలకత్తాలో ఆంగ్ల సాహిత్య విద్యార్థి. కమ్యూనిస్టు నాయకుడు పి. సి. జోషి ఆయనను చదువు మాన్పించి, పార్టీ పత్రిక కోసం చిత్రాలు తీయడానికి వెంట తీసుకువెళ్ళారు. ఆ చిత్రాలలో ఆకలికి ముఖం ఉంది. అన్నం పెట్టవలసిన చోట కెమెరా ఎత్తవలసి రావడం తనను కలచివేసిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు. చిన్ననాటి నుంచీ చూపు సరిగా లేని మనిషి ఇంత పని చేయడం ఆశ్చర్యం గొలుపుతుంది. జానా తన చివరి సంవత్సరాలు బర్క్లీలో గడిపి, 2012లో అక్కడే కన్నుమూశారు. స్వతంత్ర భారత చరిత్రను తొలినాళ్ళ నుంచీ చిత్రించిన ఒక వృద్ధుడు మన మధ్యనే, అఖాతం ఆవలి ఒడ్డున, చాలామందికి తెలియకుండానే జీవించారు.

దీన్‌దయాళ్‌ను ఆస్థాన ఫోటోగ్రాఫర్ అని పక్కన పెట్టడమూ, జానాను ప్రజల ఫోటోగ్రాఫర్ అని ఎత్తుకోవడమూ తేలిక. కొత్తవారికి ఇద్దరూ అవసరం. క్రమం, ఓర్పు, సాంకేతిక శుద్ధి దీన్‌దయాళ్ దగ్గర దొరుకుతాయి. ఎవరి సొమ్ముతో, ఎవరి కోసం తీస్తున్నామో, దాని వల్ల దూరం ఎలా నిర్ణయమవుతుందో ఇద్దరినీ పోల్చితే అర్థమవుతుంది. పెళ్ళికి పిలిచి డబ్బిచ్చే కుటుంబం కోసం తీసే చిత్రానికీ, వంటశాలలో గరిటె పట్టిన మనిషి చిత్రానికీ మధ్య ఈ ప్రశ్న నేటికీ ఉంది.

అనుకరణ నుంచి అభ్యాసానికి

వీరి నుంచి నేర్చుకోవడం ఎలా? ఒక పద్ధతి సూచిస్తాను. ఒక్కొక్కరికి రెండు నెలలు కేటాయించండి. ఆ రెండు నెలలూ వారి చిత్రాలే చూడండి. వీలైతే తెర మీద కాకుండా గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలలో, ప్రదర్శనశాలల్లోని అసలు ప్రింట్లలో చూడండి. ప్రతి చిత్రానికీ మూడు ప్రశ్నలు వేయండి: కెమెరా ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉంది? దీనికి ఒక క్షణం ముందు, ఒక క్షణం తరువాత ఏమై ఉంటుంది? ఈ మనిషికి తనను తీస్తున్నారని తెలుసా, తెలిస్తే ఏమనుకుంటున్నారు? ఆ తరువాత అదే జవాబుతో మీ పరిసరాలను తీయండి. మైబ్రిడ్జ్ నెలల్లో ఒకే కదలికను తీయండి. ఆడమ్స్ నెలల్లో ఒకే చెట్టును వేర్వేరు వెలుగుల్లో తీసి, ప్రింటు వేయించండి. లాంగ్ నెలల్లో పేరు అడగకుండా, వ్యాఖ్య రాయకుండా ఒక్క మనిషినీ తీయకండి. దీన్‌దయాళ్ నెలల్లో ఒక బృందాన్ని ఓపికగా పేర్చి తీయండి. జానా నెలల్లో బృందంలో చోటు దొరకనివారిని వెతకండి.

తీయవలసిన విషయం కోసం యోసెమిటీ దాకా పోనక్కరలేదు. సన్నీవేల్ ఒకప్పుడు పండ్లతోటల ఊరు. లిబ్బీ కంపెనీ పండ్ల డబ్బాల కర్మాగారం పోయినా, డబ్బా చీటీలా రంగులు వేసిన దాని నీళ్ళ ట్యాంకు ఈనాటికీ ఆఫీసు భవనాల మధ్య నిలిచి ఉంది. నగరం కాపాడుకుంటున్న ఒక ఆప్రికాట్ తోట ఇంకా పూస్తోంది. ఆ తోటలలో, ఆ కర్మాగారంలో పనిచేసిన కూలీల ముఖాలు మనకు ఎంత తక్కువగా తెలుసో ఆలోచిస్తే, ఇప్పుడు ఇక్కడ ఉన్న మన ముఖాలు రేపటివారికి ఎంతవరకు తెలుస్తాయన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

మన ఫోన్లలో వేల చిత్రాలున్నాయి. వాటిలో పుట్టినరోజులు, విహారయాత్రలు, కొత్త కార్లు ఉంటాయి. వీసా కాగితాలు ముందు వేసుకుని రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చున్న దంపతులు ఉండరు. ఆరు నెలలకు వచ్చి, పగలంతా మాట్లాడే తోడు లేక పార్కు బెంచీ మీద తమవంటి మరొక పెద్దాయనను వెతుక్కునే తండ్రి ఉండడు. కిరాణా కొట్టులో బిల్లు వేసే అమ్మాయి, గుడి వంటశాలలో తెల్లవారుజామునే పులిహోర కలిపే మనిషి ఉండరు. ఈ తరం తెలుగువారు ఈ లోయలో ఎలా బతికారని యాభై ఏళ్ళ తరువాత ఎవరైనా అడిగితే జవాబు చెప్పవలసినవి ఇటువంటి చిత్రాలే. వారి అనుమతితో, వారి పక్కన కూర్చుని, వారికి ఒక ప్రింటు ఇస్తానన్న మాట మీద తీయవలసినవి అవి.

దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు దాదాపు మూడు వేలు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. వాట్కిన్స్ పలకలు మంటలలో పోయాయి. ఏది మిగులుతుందో, ఏది పోతుందో తీసేవారి చేతిలో పూర్తిగా ఉండదు. కానీ ఒక మంచి చిత్రాన్ని కాగితం మీదికి తెచ్చి, దాని వెనుక పేరు, ఊరు, తేదీ, ఒక వాక్యం పెన్సిలుతో రాసి, ఇంట్లో ఒక పెట్టెలో దాచడం ఎవరికైనా సాధ్యమే. ఆ వాక్యం తెలుగులో రాస్తే, తాతగారి ముఖంతో పాటు ఆయన మాట్లాడిన భాష కూడా ఆ పెట్టెలో ఉంటుంది.